పొగపడవ పొయ్యిలోంచి చెప్పిన మాట

అక్షరాలు నాకు పెద్దదాన్నయ్యాక వచ్చాయి గానీ నోరు మాత్రం పుట్టుకతోనే వచ్చింది. "ఇది పుట్టగానే ఏడవలేదు, పోట్లాడింది" అనేది మా అమ్మ. అలాంటిదాన్ని తీసుకెళ్లి బావగారున్న ఇంట్లో ఇచ్చారు. మా వాళ్లలో తమ్ముడి పెళ్ళాం బావగారి ఎదుట నోరెత్తకూడదు, ఆయన కూడా మరదలితో నేరుగా మాట్లాడరు. ఇల్లంటూ ఉంటే తలుపు చాటో గోడ చాటో ఉంటుంది. మాకు ఇల్లు లేదు. పడవే ఇల్లు.

పడవలో చాటెక్కడిది? మొదట్లో గోనెపట్టా ఒకటి అడ్డం కట్టాం. గాలి వస్తే అది లేచి నా మొహాన కొట్టేది. చివరికి నేనే ఒక ఉపాయం కనిపెట్టాను. మాది ఆవిరితో నడిచే పొగపడవ, నడిమధ్యన పొగగొట్టం ఉండేది. బావగారికి ఏదైనా చెప్పాలంటే దానివైపు తిరిగి, "ఏమే గొట్టమా, అన్నం ఉడికింది, చల్లారిపోతే నా పూచీ లేదు" అనేదాన్ని. ఆయన కాలువ కేసి చూస్తూ, "తమ్ముడూ, వస్తున్నానని మీ ఆవిడతో చెప్పు" అనేవారు. ఆ తమ్ముడు అప్పటికి గట్టెక్కి కట్టెలు బేరమాడుతూ ఉండేవాడు. అయినా సరే, ఆయన చెప్పేది తమ్ముడికే. నాలో నేను నవ్వుకునేదాన్ని.

బావగారు చెడ్డవారని ఎవరైనా అంటే నేనొప్పుకోను. ఉప్పెనలో తల్లీతండ్రీ కొట్టుకుపోతే, చంకలో పిల్లాడైన తమ్ముణ్ణి తల్లిలా సాకిన మనిషి. వల లేదు, సొంత పడవ లేదు. కాలువల మీద పరాయివాళ్ల పడవలకు తాడు కట్టి, గట్టున నడుస్తూ లాగే కూలికి వెళ్లారు. ఎండనకా వాననకా ముందుకు వంగి లాగడమే. ఆ తాడు ఒరిసి ఒరిసి ఆయన కుడిభుజం మీద నిమ్మకాయంత కాయ లేచింది. "నా తమ్ముడి భుజాన తాడు పడకూడదు" అన్నది ఆయన పంతం. ఆ పంతం మీదే నోరు కట్టుకుని, పెళ్ళాం పోయాక మళ్లీ పెళ్లి మాట తలపెట్టక, ఎవరో దొర వాడి వాడి వదిలేసిన ఈ పొగపడవను కొన్నారు. తమ్ముణ్ణి ధవళేశ్వరంలో ఒక మిస్త్రీ దగ్గర పెట్టి మర పని నేర్పించారు. మా ఆయన పొయ్యి ముందు నిలబడి ఆవిరి లేపుతుంటే, బావగారు చుక్కాని పట్టుకుని ఆ పొగ వంక చూసేవారు. కన్నకొడుక్కి కలెక్టరు ఉద్యోగం వచ్చినా ఎవరూ అంత మురిసిపోరు.

గోదావరి మీద రైలు వంతెనకు స్తంభాలు లేస్తున్న రోజులవి. రాజమహేంద్రవరం రేవు నుంచి నరసాపురం దాకా జనాన్ని మోసేవాళ్లం. కాలువలో ఉన్నంతసేపు మరకు దిగుల్లేదు, కడవ ముంచితే తియ్యనీళ్లు. నరసాపురం దగ్గర ఆఖరి లాకు తలుపులు దాటి ఏటిలోకి దిగితే మాత్రం వేసవిలో అంతా ఉప్పే. అందుకని అటు వెళ్లినప్పుడల్లా పీపాల నిండా కాలువ నీళ్లు వెంట తీసుకెళ్లాలి. ఉప్పునీళ్లు పోస్తే బాయిలరు లోపల తెల్లగా పెచ్చు కడుతుంది. పెచ్చు కడితే కింద రేకు కాలిపోతుంది. ఇదంతా మా ఆయనే నాకు చెప్పాడు. "అడుగంటిన అంబలి గిన్నెలాగా అన్నమాట" అన్నాను. "అంతేనే" అన్నాడు.

ఆ ఏడు వైశాఖంలో పెళ్ళిళ్లు విరగబడ్డాయి. ఏటి అవతలి లంకల వాళ్లంతా మా పడవే కావాలన్నారు. పెళ్లికూతుర్ని పొగపడవలో అత్తారింటికి పంపడం అప్పట్లో పెద్ద గొప్ప. పిల్లతో పాటు సారె కావిళ్లు వస్తాయి కదా, చలిమిడి బిందెలు, అరిసెల బుట్టలు, అరటిగెలలు. సారెకు చోటు లేదనడం ఎంత అశుభం! ఆ మాట అన్న పడవను మళ్లీ ఏ పెళ్ళికీ పిలవరు. బావగారు పీపాల వంక చూశారు.

"తమ్ముడూ, వాటిని రేవులో దింపించెయ్."

"అన్నయ్యా, మరకి నీళ్లు..."

"చుట్టూ ఉన్నవి నీళ్లు కావేంటి? ఒక్కపూటకి ఏమీ అవదు. వర్జ్యం రాకుండా కదలాలి."

అన్నగారికి ఎదురు చెప్పడమన్నది మా ఆయన ఒంట్లోనే లేదు. పీపాలు దిగాయి, సారె ఎక్కింది, మర ఉప్పు తాగింది. ఒక్కపూట అన్నది ముహూర్తాలు అయిపోయేదాకా సాగింది. నేను గొట్టంతో కూడా చెప్పి చూశాను. "ఏమే గొట్టమా, నీకు దాహమైతే ఉప్పు పోస్తున్నారే" అన్నాను. బావగారు చుట్ట వెలిగించుకున్నారు.

పెళ్ళిళ్లు తీరి ఖాళీ పడవతో ఎగువకు వస్తున్నాం. పెనుగొండ ఇంకా ముందుంది. పొయ్యిలో బుస్సుమని చప్పుడైంది. బాయిలరు గొట్టాలు కారి నిప్పు మీద నీళ్లు పడ్డాయి, పొయ్యి తలుపులోంచి ఆవిరి ఎగజిమ్మింది. మా ఆయన అడ్డం పెట్టిన చెయ్యి మోచేతి దాకా కాలిపోయింది. ఆయన కేక కూడా వెయ్యలేదు, పెద్దాయన కంగారు పడతారని. కేకలన్నీ నేనే వేశాను. పడవను గట్టుకు చేర్చి, చేతికి కొబ్బరినూనె రాసి అరటాకు చుట్టాను.

గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు, అదే వారం కాలువ కట్టేశారు. ఏటా ఎండాకాలం మరమ్మతులకని పైన తలుపులు దించేస్తారు, తొలకరికి గాని వదలరు. మిగతా పడవలన్నీ ముందే రేవులకు చేరుకున్నాయి. మేం రెండు లాకుల మధ్య చిక్కుకుపోయాం. చూస్తుండగానే నీరు తగ్గిపోయింది, పడవ బురదలో కూలబడి ఒక పక్కకి ఒరిగింది.

ఆ ఒరిగిన కొంపలో కాపురం చేసిన కష్టం నాకు తెలుసు, ఆ దేవుడికి తెలుసు. అన్నం గిన్నెలో ఒకవైపు మాడేది, ఒకవైపు పలుకు. పడుకుంటే దొర్లి బావగారి పడక వైపు పోతానేమోనని మొలకు తాడు కట్టుకుని పడుకునేదాన్ని. ఇనుమంతా ఎండకు కాగిపోయేది. పడవను వదిలి పుట్టింటికి వెళదామంటే, కాలిన చేతితో ఉన్న మొగుణ్ణి ఎవరు చూస్తారు? గట్టు మీద పోయేవాళ్లు ఆగి మరీ పలకరించేవాళ్లు. "ఏంటండీ, పొగపడవ పొగ మానేసిందా?" "చుట్ట మానేసినట్టేనండీ, ఆరోగ్యం!" వాళ్లకి నవ్వులాట. ఒంటి మీద చెమట, చుట్టూ బురద కంపు, ఎదురుగా మాట్లాడకూడని బావగారు. ఊపిరాడేది కాదు నాకు.

బావగారు కబురు పెడితే ధవళేశ్వరం మిస్త్రీ బండి కట్టించుకుని వచ్చాడు. మా ఆయనకు పని నేర్పినాయనే. బాయిలరు చుట్టూ తిరిగాడు, సుత్తితో తట్టాడు, పొయ్యి తలుపులో తలపెట్టి చూశాడు. పొట్ట అడ్డమై తల ఒక్కటే దూరింది.

"రెండు దారులున్నాయండి" అన్నాడు. "కారిన గొట్టాలు మార్చి, పొయ్యి పైరేకు కాలిన చోట అతుకులేస్తే నడుస్తుందండి. ఎన్నాళ్లంటే మాత్రం నన్నడక్కండి. లేదంటే కాకినాడ రేవులో ఓడ మీంచి దింపిన బాయిలరొకటి ఉందండి. అది తెచ్చి పెట్టుకుంటే మీ మనవల దాకా చూసుకోవక్కర్లేదండి."

కాకినాడ బాయిలరు కొనాలంటే మా తాహతు సరిపోదు. ఒక ఏడాదో రెండేళ్లో ఆగి కూడబెట్టుకోవాలి. అందాకా పొట్ట గడవాలంటే మర ఊడదీసి, ఉత్త పడవను తాడుతో లాగాలి. మిస్త్రీ ఆ మాట అనలేదు, అందరికీ తెలుసు. బావగారి చెయ్యి దానంతటది వెళ్లి భుజం మీద కాయను తడుముకుంది.

"అతుకే వేద్దాం" అన్నారు. "ఉన్న పెళ్ళాన్ని వదిలేసి ఊళ్లో సంబంధం చూసుకున్నట్టు, ఉన్న మరను పారేసుకుంటామేంటి?"

"అలాగే అన్నయ్యా" అన్నాడు మా ఆయన.

ఆ అతుకుల బాయిలరు ముందు నిలబడేది ఎవరు? పెద్దాయన చుక్కాని దగ్గర, పడవ చివర్న ఉంటారు. రేకు చినిగితే మొదట కాలేది నా మొగుడు. ఈసారి మోచేతితో పోదు. పెట్టెలో పెళ్లినాటి చీర ఉంటే అది తీసి చూసుకుని ఏడ్చాను. ఆ సాయంత్రం ఆయన్ని పక్కకి పిలిచి, "మావా, చెప్పరాదూ?" అన్నాను.

"ఏం చెప్పమంటావే? ఆ తాడు ఆయన ఇరవై ఏళ్లు లాగాడే నాకోసం. ఇప్పుడు నేను భయపడుతున్నానని చెప్పనా?"

"భయంగా ఉందా?"

ఆయన కాలిన చెయ్యి వంక చూసుకున్నాడు. "లేకేం" అన్నాడు.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఆయన అన్నగారి ప్రేమలో ఇరుక్కుపోయాడు, నేను ఆ మర్యాదలో ఇరుక్కుపోయాను. అందరం కలిసి బురదలో ఇరుక్కుపోయాం.

అతుకు వెయ్యాలంటే ముందు పొయ్యిలోకి మనిషి దూరాలి, పైరేకు ఎక్కడెక్కడ కాలిందో తడిమి చూసి సుద్దతో గుర్తులు పెట్టాలి. మిస్త్రీకి పొట్ట అడ్డం. మా ఆయనకి భుజాలు అడ్డం, కట్టెలు విసిరి విసిరి దూలంలా అయ్యాడు. బావగారికి నడుం వంగదు. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడ్డారు. నేనప్పుడు బక్కగా చువ్వలా ఉండేదాన్ని. గొట్టం వైపు తిరిగి, "ఏమే గొట్టమా, నేను దూరగలనని చెప్పు" అన్నాను.

"ఆడది బాయిలరు పొయ్యిలో దూరడమేంటి తమ్ముడూ!" అన్నారు బావగారు.

"పొయ్యి ఆడదానిది కాకపోతే ఎవరిదటే గొట్టమా?" అన్నాను.

మిస్త్రీ నవ్వాపుకోలేక అటు తిరిగాడు. ఇంకెవరి మాటకూ ఆగకుండా చీర గోచీ పెట్టి బిగించి, సుద్దముక్కా, ఆముదపు దీపం బుడ్డీ పట్టుకుని, తల ముందు పెట్టి దూరాను. పొయ్యి కింది ఊచలు తీసేశారు కాబట్టి లోపల మోకాళ్లు ముడుచుకుని కూర్చోవడానికి చోటుంది. మసి. చెవుల్లో మసి, పళ్లలో మసి. గొట్టాలు కారిన చోటల్లా తెల్లటి ఉప్పు చారలు. నాలుక ఆనించి చూశాను, ఉప్పే. దీపం పైకెత్తాను. నెత్తి మీద రేకు, తిన్నగా ఉండాల్సింది, పొంగిన అప్పడంలా కిందికి ఉబ్బి ఉంది. ఒక్కచోట కాదు. అరచేతితో తడుముతూ పోతే పొడవునా బొబ్బలే. సుద్దతో ఒక గుర్తు పెట్టాను, దాని పక్కన ఇంకోటి. తర్వాత ఆపేశాను. అంతా గుర్తే అయితే ఇంక గుర్తేముంది?

బయట బావగారి గొంతు వినబడుతోంది. "నీళ్లు వదిలిన రోజే నిప్పు వేసెయ్ తమ్ముడూ. నిండుగా ఆవిరి లేపి చూద్దాం. పొయ్యి దగ్గర నువ్వే ఉండు, వేరేవాళ్లకి తెలీదు."

"అలాగే అన్నయ్యా."

ఆ 'అలాగే' నా నెత్తిన నిప్పు పోసింది. అప్పుడు నాకు తట్టింది. నేను బావగారి ఎదుట లేను. ఆయనకు నేను కనబడను, నాకు ఆయన కనబడరు. మా ఇద్దరి మధ్య ఎంత మందం ఇనుముంది! ఏ ఇంటి తలుపు చాటూ ఇంత గట్టిది కాదు.

"బావగారూ!" అన్నాను.

నా గొంతు ఆ ఇనుములో తిరిగి తిరిగి గంటలా మోగింది.

"ఇక్కడ అతుకెయ్యడానికి మంచి రేకు లేదు. అంతా బొబ్బలెక్కిపోయింది. ఉప్పునీళ్లు తాగించారు, కాలింది. పీపాలు దింపించింది నా మొగుడు కాదు. మీరు దింపమన్నారు, ఆయన వద్దని చెప్పలేకపోయాడు. రేపు దీని ముందు నిలబడమంటారు, దానికీ వద్దనలేడు. మీరు తాడు లాగి పెంచారని చస్తాడు గానీ నోరు విప్పడు. మీరేమో ఆ తాడు మళ్లీ చూడలేక ఆయన్ని చంపుకుంటారు."

నాకు ఏడుపు వచ్చేసింది. ఏడుస్తూనే అరిచాను. "దీంట్లో నిప్పు వెయ్యనని మాటివ్వండి. అందాకా నేను బయటికి రాను. వేస్తే నన్ను లోపల పెట్టే వెయ్యండి!"

బయట బావగారు, "తమ్ముడూ, మీ ఆవిణ్ణి బయటికి లాగు" అన్నారు. ఆయన నన్ను ముట్టుకోకూడదు, మిస్త్రీ అసలే ముట్టుకోకూడదు. లాగగలిగిన మనిషి ఒక్కడే ఉన్నాడు. అడుగులు దగ్గరికొచ్చాయి. నేను కాళ్లు ముడుచుకుని మూలకి ఒదిగాను. చెయ్యి లోపలికి రాలేదు. ఉన్నట్టుండి లోపల చీకటైంది. మా ఆయన పొయ్యి తలుపుకి వీపు ఆనించి కూర్చున్నాడు.

"లాగను అన్నయ్యా" అన్నాడు.

అంత చిన్న మాట చెప్పడానికి ఆయనకి ఎన్నేళ్లు పట్టింది! నేను లోపల్నుంచి ఆయన వీపు మీద చెయ్యి వేశాను. వీపంతా చెమట.

ఎండ ఎక్కింది, ఇనుము కాగింది. నాకు కళ్లు తిరుగుతున్నాయి. మిస్త్రీ గట్టెక్కి చెట్టు నీడకు పోయాడు. చివరికి పడవ కిర్రుమంది. బావగారు వంగని నడుముతో, పొయ్యి తలుపు పక్కన నెమ్మదిగా కూలబడ్డారు.

"అమ్మాయ్" అన్నారు.

కాపురానికొచ్చాక ఆయన నన్ను పిలవడం అదే మొదలు.

"అమ్మాయ్, పీపాలు దింపించింది నేనే. నాకు తెలుసు. ఆవేళ నుంచీ తెలుసు. రామ్మా బయటికి. నిప్పు వెయ్యం."

మా ఆయన పక్కకి జరిగాడు. నేను నల్లటి పిల్లిలా బయటపడ్డాను. బావగారు అప్పటికే మొహం అటు తిప్పుకుని, తను తాగే నీళ్ల కడవ నా వైపు జరిపారు. ఆ తర్వాత గోనెపట్టా మళ్లీ కట్టుకున్నాం. ఆయన మళ్లీ, "తమ్ముడూ, మీ ఆవిడతో చెప్పు" అనడం మొదలుపెట్టారు. నేనూ మళ్లీ గొట్టానికే చెప్పాను, అది ఉన్నన్నాళ్లూ.

గొట్టం కూడా ఎన్నాళ్లో లేదు. మిస్త్రీ మనుషుల్ని తెచ్చి బాయిలరు ఊడదీయించి, దూలాల మీద దొర్లించి గట్టెక్కించాడు. పొగగొట్టం ఉన్నచోట పడవ కప్పులో గుండ్రటి కంత మిగిలింది. కాకినాడ బాయిలరు ఇంకెవరికీ పోకుండా మాట చెప్పి ఉంచుతానన్నాడు మిస్త్రీ.

తొలకరికి నీళ్లు వదిలారు. మొదట ఎర్రటి సన్నటి పాయ వచ్చింది, చూస్తుండగా బురదను కప్పేసింది. అడుగున గలగలమంది. పడవ ఒక్కసారి ఒళ్లు విరుచుకుని తిన్నగా లేచింది. అన్ని రోజుల తర్వాత గిన్నెలు సరిగ్గా నిలబడేసరికి నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

మా ఆయన తాడు చుట్ట అందుకుని గట్టు మీదికి దూకాడు. బావగారు ఆయన కంటే ముందే అక్కడున్నారు. తమ్ముడి చేతిలోంచి తాడు లాక్కుని, పాత తుండుగుడ్డ మడిచి కుడిభుజం మీద వేసుకుని, దాని మీద తాడు వేసుకున్నారు.

"ఆ చెయ్యి ఇంకా మానలేదు నీకు. పో, గెడ వెయ్యి" అన్నారు.

మా ఆయన పడవ ముక్కు దగ్గర గెడ పట్టుకుని నిలబడ్డాడు. చుక్కాని నా చేతికొచ్చింది. గట్టు మీద పెద్దాయన ముందుకు వంగి లాగుతుంటే పడవ కదిలింది. వంగని నడుమనుకున్నాను, తాడుకు వంగింది. పోయేవాళ్లు ఈసారి ఎవరూ వేళాకోళం ఆడలేదు.

లాకు దగ్గరికొస్తున్నాం. తలుపులు ఇంకా మూసే ఉన్నాయి. ఇప్పుడు తాడు వదులు చెయ్యకపోతే పడవ పోయి తలుపుకి కొట్టుకుంటుంది. బావగారు తలొంచుకుని లాగుతూనే ఉన్నారు. మా ఆయనకి చెబుదామంటే ఆయన కళ్లు నీళ్లలో గెడ మీదే ఉన్నాయి, ఇన్నేళ్ల మర చప్పుడుకి చెవులు ఎప్పుడో మందగించాయి. అలవాటుగా గొట్టం వైపు తిరిగాను. కప్పులో కంత, దాంట్లోంచి ఆకాశం.

"బావగారూ, తాడు వదలండి!" అని అరిచాను.

ఆయన ఆగారు. వెనక్కి తిరగకుండానే తాడు భుజం మీంచి తీశారు. తుండుగుడ్డ ఎర్రగా తడిసి ఉంది. ఏళ్ల నాటి ఆ కాయ పగిలింది. పడవ మెల్లగా జారి తలుపుకి జానెడు దూరంలో ఆగింది.

"ఇంకాస్త ముందే చెప్పాల్సిందమ్మా" అన్నారు.